ఏడో నెలలో పుట్టినవాళ్లు పెద్దయ్యాక

ఏడో నెలలో పుట్టిన బిడ్డ బతికి బట్టకడుతుంది గానీ ఎనిమిదో నెలలో పుడితే దక్కదని మన ఇళ్లలో పెద్దవాళ్లు అనేవాళ్లు. ఇప్పటికీ అక్కడక్కడా వినిపిస్తూనే ఉంటుంది. ఇదేమీ మన ఒక్కరి నమ్మకం కాదు. హిప్పోక్రటీస్ పేరు మీద చలామణీ అయిన ప్రాచీన గ్రీకు వైద్య గ్రంథాల్లో ఎనిమిదో నెల శిశువు మీద ఏకంగా ఒక పుస్తకమే ఉంది. అందులోనూ ఇదే మాట. ఆసుపత్రి లెక్కలు మాత్రం దీనికి అడ్డం తిరుగుతాయి. ఎనిమిదో నెల బిడ్డ పరిస్థితి ఏడో నెల బిడ్డ కంటే సగటున మెరుగే. కడుపులో గడిపిన ప్రతి వారమూ లాభమే. ఆ లాభం ప్రాణం నిలవడంతో ఆగిపోదు, ముప్పై ఏళ్ల తర్వాత బండి తాళంచెవి ఎక్కడ పెట్టారో గుర్తుండే దాకా వస్తుంది.

వారాల లెక్క

డాక్టర్లు నెలల్లో కాదు, వారాల్లో లెక్కపెడతారు. 37 వారాలు నిండకముందే పుడితే నెలలు నిండని కాన్పు. 32 వారాల లోపయితే బాగా ముందు పుట్టినట్టు, 28 లోపయితే మరీ ముందు పుట్టినట్టు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2020లో నెలలు నిండకుండా పుట్టినవాళ్లు 1 కోటి 34 లక్షల మంది. అంటే ఇంచుమించు ప్రతి పదిమందిలో ఒకరు. సంఖ్యలో మన దేశానిదే మొదటి స్థానం, 30 లక్షల పైమాటే.

ఇక్కడ చెప్పే సంగతుల్లో చాలావరకు 32, 33 వారాల లోపు పుట్టినవాళ్లవి. 36వ వారంలో పుట్టిన పిల్లాడి అమ్మానాన్నలు ఇది చదివి నిద్ర పాడుచేసుకోనక్కర్లేదు.

చివరి నెలల పని

ఆరో నెలలో శిశువు మెదడు పైభాగం దాదాపు నున్నగా ఉంటుంది. మనం బొమ్మల్లో చూసే ముడతలు, చాళ్లు ఎక్కువగా చివరి మూడు నెలల్లోనే పడతాయి. 34 వారాల శిశువు మెదడు బరువు, నెలలు నిండిన శిశువు మెదడు బరువులో 65 శాతమే. మిగతా మూడోవంతు ఆఖరి ఆరు వారాల్లో పెరగాల్సిందే.

అంతకుముందు నుంచే లోపల ఇంకో పని నడుస్తుంటుంది. మెదడులోని నరాల తీగలకు మైలిన్ అనే కొవ్వు తొడుగు వేసే కణాలు 23 నుంచి 32 వారాల మధ్య ఇంకా లేత దశలోనే ఉంటాయి. రక్తప్రసరణ తడబడినా, ఆక్సిజన్ తగ్గినా, ఇన్ఫెక్షన్ సోకినా ముందుగా దెబ్బతినేది అవే. మెదడు నడిమధ్య ద్రవం నిండి ఉండే గదుల పక్కన ఆ వయసులో రక్తనాళాలు మహా పల్చగా ఉంటాయి. నెలలు బాగా తక్కువైన బిడ్డకు పుట్టిన మొదటి మూడు రోజుల్లో తలకు స్కానింగ్ చేయించేది అక్కడ రక్తం చిమ్మిందేమో చూడటానికే. నెలలు నిండేసరికి ఆ పల్చటి నాళాలున్న పొర దానంతటదే కరిగిపోతుంది.

పదిహేనేళ్లకు తీసిన ఫొటో

1980 ప్రాంతంలో లండన్ యూనివర్సిటీ కాలేజ్ ఆసుపత్రిలో 33 వారాల లోపు పుట్టిన పిల్లలను, 14-15 ఏళ్లు వచ్చాక పిలిచి ఎమ్మారై తీశారు. కియారా నొసార్తీ బృందం 2002లో ఆ ఫలితాలు ప్రచురించింది. నెలలు నిండి పుట్టిన ఈడువాళ్లతో పోలిస్తే వీళ్ల మెదడు మొత్తం పరిమాణం 6 శాతం తక్కువ. జ్ఞాపకాలకు ఆయువుపట్టు లాంటి హిప్పోకాంపస్ కుడివైపు 15.6 శాతం, ఎడమవైపు 12.1 శాతం చిన్నది. మధ్యలో ఉండే ద్రవపు గదులు మాత్రం 42 శాతం పెద్దవి.

మెదడంతా 6 శాతం తగ్గితే హిప్పోకాంపస్ దానికి రెండింతలకు పైగా ఎందుకు తగ్గాలి? చెవుల వెనక, లోతుగా, కుడికొకటి ఎడమకొకటి ఉండే ఈ భాగం ఆక్సిజన్ కొరతను అసలు తట్టుకోలేదు. ఒత్తిడి హార్మోన్లకూ త్వరగా లొంగుతుంది. నెలలు నిండని బిడ్డకు పుట్టిన తొలి వారాల్లో ఎదురయ్యేవి సరిగ్గా ఈ రెండే.

జాన్ కథ

జ్ఞాపకశక్తి పరిశోధనలో జాన్ అన్న పేరు చాలా ప్రసిద్ధం. అది అసలు పేరు కాదు, శాస్త్రవేత్తలు పెట్టుకున్న మారుపేరు. 26 వారాలకే పుట్టాడు. ఊపిరి అందక యంత్రం మీద ఉంచాల్సి వచ్చింది. నాలుగేళ్ల వయసులో మూర్ఛలు వచ్చాయి. ఆ తర్వాత ఏడాదికో, ఏడాదిన్నరకో ఇంట్లోవాళ్లకు అర్థమైంది, పిల్లాడికి ఏమీ గుర్తుండటం లేదని.

ఇరవై ఏళ్లు రాబోతుండగా లండన్‌లో ఫరానే వర్గా-ఖాదెం అతన్ని పరీక్షించారు. హిప్పోకాంపస్ ఉండాల్సిన దాంట్లో సగమే ఉంది. అలాంటివాడికి చదువు ఎలా వచ్చి ఉంటుంది? వచ్చింది. మామూలు బడిలోనే చదువుకున్నాడు. చదవడం, రాయడం, మాట్లాడటం అన్నీ బాగానే వచ్చు. తెలివితేటల పరీక్షలో సగటు కంటే పైనే ఉన్నాడు. ఏ దేశానికి ఏది రాజధానో చెబుతాడు. పొద్దున్న ఏం జరిగింది, ఇందాక ఫోన్‌లో ఎవరు ఏం మాట్లాడారు, వస్తువు ఎక్కడ పెట్టాడు, తెలిసిన వీధిలోనే ఎటు తిరగాలి అంటే మాత్రం చిక్కు.

1997లో సైన్స్ పత్రికలో జాన్‌తో పాటు మరో ఇద్దరి సంగతి అచ్చయినప్పుడు ఆ రంగమే ఉలిక్కిపడింది. కారణం ఉంది. అంతవరకు పాఠ్యపుస్తకాల్లో ఉన్న ఉదాహరణ హెచ్.ఎం. అనే రోగి. 1953లో మూర్ఛ తగ్గించడానికి అతని హిప్పోకాంపస్‌ను రెండువైపులా తీసేశారు. ఆ తర్వాత కొత్త విషయాలు నేర్చుకోవడం అతనికి దాదాపు అసాధ్యమైపోయింది. హిప్పోకాంపస్ లేకపోతే కొత్త జ్ఞానం లేదని అందరూ అనుకున్నారు. జాన్ బడికెళ్లి పాఠాలు నేర్చుకుని మరీ వచ్చాడు! లోకజ్ఞానం ఒక దారిన, సొంత అనుభవాల జ్ఞాపకం మరో దారిన మెదడులోకి వెళ్తాయన్న వాదనకు అతనే పెద్ద సాక్షి అయ్యాడు. ఇంత తీవ్రమైన మతిమరుపు అరుదు, జాన్ విషయంలో మూర్ఛల పాత్ర కూడా ఉండి ఉండొచ్చు. ముందుగా పుట్టినవాళ్లందరూ జాన్‌లా ఉంటారని ఎవరైనా చెబితే నమ్మకండి.

గంట మోగితే అడగాలి

అయినా జాన్‌లో కొండంత ఉన్నది మిగతావాళ్లలో ఆవగింజంత ఉంటుందా? 2000లో ఎలిజబెత్ ఐజాక్స్, వర్గా-ఖాదెం బృందం ఇదే ప్రశ్న వేసుకుంది. 30 వారాలకో, అంతకు ముందో పుట్టి, నాడీ సంబంధమైన జబ్బేదీ లేకుండా ఎదిగిన టీనేజీ పిల్లల్ని తీసుకున్నారు. వాళ్లకు పెట్టిన పరీక్ష పేరు రివర్‌మీడ్. బార్బరా విల్సన్ తదితరులు 1985లో తయారుచేశారు. పదాల జాబితాలు బట్టీ పట్టించే పరీక్షల్లాంటిది కాదిది.

గదిలోకి వెళ్లగానే మీ దువ్వెనో, పెన్నో తీసుకుని మీ కళ్లెదుటే ఓ చోట దాస్తారు. పరీక్ష ముగిసిందని చెప్పగానే దాన్ని గుర్తుపెట్టుకుని మీరే అడిగి తీసుకోవాలి. బల్ల మీద గడియారానికి అలారం పెట్టి, ఇరవై నిమిషాల్లో ఇది మోగుతుంది, మోగగానే మళ్లీ ఎప్పుడు రావాలో నన్ను అడగండి అంటారు. ఒక ఫొటో చూపించి పేరు, ఇంటిపేరు చెప్పి, కాసేపాగి ఆ రెండూ అడుగుతారు. ఇవతల కుర్చీ దగ్గర్నుంచి తలుపుకు, తలుపు నుంచి కిటికీకి, కిటికీ నుంచి బల్లకు నడిచి చూపించి, మధ్యలో ఒక కవరు వదిలి, ఇప్పుడు మీరు అలాగే నడవండి, కవరు అక్కడే పెట్టండి అంటారు. మధ్యమధ్యలో వేరే పనులు పెడుతూనే ఉంటారు.

బడిలో ఫరవాలేదనిపించుకున్న ఆ పిల్లలు ఇక్కడ తడబడ్డారు. తల్లిదండ్రులు నింపిన ప్రశ్నపత్రాల్లోనూ అదే కథ. స్కాన్‌లో హిప్పోకాంపస్ రెండువైపులా చిన్నదిగానే కనిపించింది. ఇంట్లో "వీడికి బుద్ధి చదువు మీద తప్ప వస్తువుల మీద ఉండదు" అని తిట్లు తినే పిల్లల్లో కొందరి సంగతి ఇదేనేమో అని నాకు అనుమానం. నిర్లక్ష్యం అని ముద్ర వేసేముందు ఏ వారంలో పుట్టారో ఒకసారి చూసుకుంటే మంచిది.

లెక్కలు, ఆస్తిపాస్తులు

బ్రిటన్‌లో 1958 మార్చిలో ఒక వారం, 1970 ఏప్రిల్‌లో ఒక వారం పుట్టినవాళ్లందరినీ దశాబ్దాలుగా గమనిస్తున్నారు. ఆ రెండు గుంపుల్లో 15 వేల మందికి పైగా వివరాలను డీటర్ వోల్కే బృందం 2015లో విశ్లేషించింది. నెలలు నిండకుండా పుట్టినవాళ్లకు 42 ఏళ్ల వయసులో ఆదాయం, ఇల్లు, ఉద్యోగం వంటివి సగటున కొంచెం తక్కువగా ఉన్నాయి. అసలు విశేషం మధ్యలో ఉన్న లింకు: చిన్నప్పుడు బడిలో లెక్కల్లో వెనకబడటం. ఐజాక్స్ బృందం 2001లోనే దీనికి మెదడులో ఒక చోటు చూపించింది. లెక్కల్లో తడబడే ముందస్తు పిల్లలకు ఎడమవైపు పెరైటల్ భాగంలో ఒక చిన్న ముక్కలో నరకణాలుండే బూడిద పదార్థం తక్కువ.

మనసులో అంకెలు పట్టుకుని ఉంచుతూనే కూడాలి, తీసేయాలి. ఆ పట్టుకుని ఉంచే శక్తినే వర్కింగ్ మెమరీ అంటారు. ముందస్తు పిల్లల్లో, ఎక్కువ అధ్యయనాల్లో పదేపదే బలహీనంగా తేలేది అదే. లెక్కల మాస్టారికి ఈ ముక్క తెలిస్తే పలక మీద మెట్లు మెట్లుగా రాయిస్తే సరిపోతుంది, అన్నీ మనసులోనే చెయ్యమనకుండా.

సగటు వేరు, మనిషి వేరు

8 అధ్యయనాలను కలిపి 2021లో లెక్కకట్టినప్పుడు, 32 వారాల లోపో, కిలోన్నర లోపు బరువుతోనో పుట్టినవాళ్ల ఐక్యూ పెద్దయ్యాక సగటున 12 పాయింట్లు తక్కువని తేలింది. వినగానే గుండె గుభేలుమంటుంది. నార్వేలో 1967-83 మధ్య పుట్టిన 9 లక్షల మందిని చూస్తే ఇంకో కోణం కనిపిస్తుంది. పని చేయలేనంత వైకల్యం నెలలు నిండి పుట్టినవాళ్లలో 1.7 శాతం మందికి ఉంటే, 23-27 వారాల్లో పుట్టి బతికినవాళ్లలో 10.6 శాతం మందికి ఉంది. ఆరింతలకు పైగా ఎక్కువే, కాదనలేం. కానీ దాన్నే తిరగేసి చదవండి: మరీ ముందుగా పుట్టినవాళ్లలోనూ దాదాపు తొంభై శాతం మందికి అలాంటి వైకల్యం లేదు.

భారత సంతతికి చెందిన డాక్టర్ సరోజ్ సైగల్ కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం నుంచి, 1977-82 మధ్య కిలో లోపు బరువుతో పుట్టిన పిల్లల వెంటే దశాబ్దాలు నడిచారు. వాళ్లలో 82 శాతం మంది హైస్కూలు చదువు పూర్తిచేశారు. ఈడువాళ్లలో అది 87 శాతం. ఆమె ఇంకో తమాషా పని చేశారు. తీవ్ర వైకల్యాలున్న జీవితాలను కాగితం మీద వర్ణించి, ఇది ఎంత బాగుందో మార్కులు వెయ్యమన్నారు. డాక్టర్లు, నర్సులు వేసిన మార్కుల కంటే తల్లిదండ్రులు, ఆ పిల్లలు వేసినవే ఎక్కువ. ఆ పిల్లలు పెద్దయ్యాక రాసిన ఉత్తరాలను 2014లో పుస్తకంగా తెచ్చారు కూడా.

అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో కిలోన్నర లోపు పుట్టిన యువతను 2002లో పరిశీలిస్తే చదువులో కాస్త వెనకబడ్డారు. అయితే మందు, మత్తు పదార్థాల జోలికి వెళ్లింది ఈడువాళ్ల కంటే తక్కువమందే. జర్మనీలోని బవేరియాలోనూ వీళ్లు సాహసాలకు దూరంగా ఉండే నెమ్మదస్తులని తేలింది. నెమ్మదితనానికి ఇంకో వైపు కూడా ఉంది. మనుషుల్లో త్వరగా కలవకపోవడం, లోలోపల దిగులు.

అడ్డదారి

పెద్దయిన ముందస్తు పిల్లలను స్కానర్‌లో పడుకోబెట్టి జ్ఞాపకశక్తి ఆటలు ఆడిస్తే, చాలాసార్లు జవాబులు మిగతావాళ్లకు దీటుగానే వస్తాయి. వెలిగే మెదడు భాగాలు మాత్రం వేరుగా ఉంటాయి. మామూలు రోడ్డు మూసేస్తే పొలం గట్ల మీదుగా ఊరికి చేరినట్టు. చేరడం చేరతారు, కాస్త ఎక్కువ అలసట. 2017లో లండన్ పరిశోధకులు ఇంకో తేడా పట్టుకున్నారు. బాగా ముందుగా పుట్టి, ఆ సమయంలో మెదడుకు దెబ్బ తగిలిన పెద్దవాళ్లలో డోపమిన్ అనే మెదడు రసాయనం తయారీ తగ్గింది. అంతే ముందుగా పుట్టి, దెబ్బ తగలనివాళ్లలో తగ్గలేదు. ముందుగా పుట్టడం ఒక్కటే కాదు, ఆ మొదటి వారాలు ఎలా గడిచాయన్నదీ లెక్కలోకి వస్తుందన్నమాట.

మందుల్లో కాఫీ

ఆ మొదటి వారాల్లో వాడే మందుల్లో ఒకటి కెఫీన్. అవును, మన ఫిల్టర్ కాఫీలో ఉండేదే. నెలలు నిండని బిడ్డ ఊపిరి తీయడం మరిచిపోయి ఆగిపోతుంటే గుర్తుచేయడానికి ఇస్తారు. కెనడా నుంచి బార్బరా ష్మిట్ నడిపిన పెద్ద పరీక్షలో, కెఫీన్ అందిన పిల్లల్లో ఏడాదిన్నర దాటేసరికి కదలికలను దెబ్బతీసే సెరిబ్రల్ పాల్సీ 4.4 శాతం, అందనివాళ్లలో 7.3 శాతం. పదకొండేళ్లకు కూడా చేతుల, కాళ్ల కదలికల్లో ఆ మేలు కనిపించింది. ఇంట్లో స్పూనుతో కాఫీ పట్టకండి సుమా, అది ఆసుపత్రిలో బరువు చూసి ఇచ్చే మోతాదు.

న్యూజిలాండ్‌లో గ్రాహం లిగ్గిన్స్ గొర్రెల కాన్పుల మీద పరిశోధన చేస్తూ, కడుపులో ఉండగానే స్టెరాయిడ్ అందిన గొర్రెపిల్ల బాగా ముందుగా పుట్టినా ఊపిరి పీల్చడం చూసి ఆశ్చర్యపోయాడు. రాస్ హౌవీతో కలిసి 1972లో మనుషుల మీద పరీక్ష ఫలితాలు ప్రచురించాడు. నెలలు నిండకముందే నొప్పులు వస్తే గర్భిణికి నేడు వేసే ఇంజెక్షన్ అక్కణ్నుంచి వచ్చిందే. ఇది మెదడుకు మంచిదా అన్న అనుమానం చాలాకాలం ఉండేది. ఆనాటి పిల్లలకు 31 ఏళ్లు వచ్చాక వెతికి పట్టుకుని జ్ఞాపకశక్తి, ఏకాగ్రత పరీక్షించారు. ఇంజెక్షన్ అందినవాళ్లకూ అందనివాళ్లకూ తేడా లేదు.

నొప్పి గుర్తుండదా?

1980ల దాకా చాలాచోట్ల నెలలు నిండని పిల్లలకు సరైన మత్తు లేకుండానే ఆపరేషన్లు చేసేవాళ్లు. వాళ్లకు నొప్పి తెలియదు, తెలిసినా గుర్తుండదు అన్నది ధీమా. భారత సంతతి డాక్టర్ కన్వల్‌జీత్ ఆనంద్ ఆక్స్‌ఫర్డ్‌లో పనిచేస్తూ, బలమైన మత్తుమందు ఇచ్చిన పిల్లలు ఆపరేషన్ తర్వాత బాగా కోలుకుంటున్నారని 1987లో చూపించాడు. దాంతో పద్ధతే మారిపోయింది. వాంకూవర్‌లో రూత్ గ్రునావ్ బృందం ఇంకాస్త ముందుకెళ్లింది. సూదులు, గొట్టాలు ఎక్కువసార్లు గుచ్చాల్సి వచ్చిన పిల్లల మెదడులో నరాల తీగలుండే తెల్ల పదార్థం ఎదుగుదల మందగించింది. గుర్తుండకపోవచ్చు. గుర్తు మాత్రం పడుతుంది.

అమ్మ ఎద, అమ్మ గొంతు, పాములవాడి బూర

1978లో కొలంబియా రాజధాని బొగొటాలో బిడ్డలను వెచ్చగా ఉంచే గాజుపెట్టెలు చాలక, డాక్టర్ ఎడ్గర్ రే బిడ్డలను తల్లుల ఎదకు కట్టి పంపడం మొదలుపెట్టాడు. అదే కంగారూ కేర్. పేదరికంలో పుట్టిన ఉపాయమని చిన్నచూపు చూసినవాళ్లూ ఉన్నారు. అక్కడ 1990లలో జరిగిన పరీక్షలో పాల్గొన్న పిల్లలకు ఇరవై ఏళ్లు వచ్చాక చూస్తే, ఎదకు కట్టుకుని పెంచినవాళ్లలో దుడుకుతనం తక్కువ. మెదడులో బూడిద పదార్థమూ, చిన్న మెదడూ పెద్దవి. మన దేశం కూడా పాలుపంచుకున్న అయిదు దేశాల పరీక్షలో, పుట్టగానే కంగారూ కేర్ మొదలుపెడితే మరణాలు పాతిక శాతం తగ్గాయని 2021లో తేలింది.

బోస్టన్‌లో అమ్మ గొంతు, గుండె చప్పుడు రికార్డు చేసి గాజుపెట్టెలో రోజుకు మూడు గంటలు వినిపిస్తే, నెల తిరిగేసరికి వినికిడికి సంబంధించిన మెదడు భాగం మందంగా పెరిగింది. జెనీవాలో పెత్రా హ్యూపీ బృందానికైతే స్విట్జర్లాండ్ సంగీతకారుడు ఆండ్రియాస్ వోలెన్‌వైడర్ ప్రత్యేకంగా పాట కట్టాడు. ఏ వాద్యానికి పిల్లలు స్పందిస్తారో చూడటానికి రకరకాలవి వినిపించారు. ఏడుస్తున్న పిల్లలను ఇట్టే ఊరుకోబెట్టింది మన పాములవాళ్లు ఊదే పుంగీ.

పాల సంగతి రెండు ముక్కల్లో: చిన్నప్పుడు పోషకాలు ఎక్కువ అందిన ముందస్తు మగపిల్లలకు టీనేజీలో మెదడులోని కాడేట్ అనే భాగం పెద్దదిగా ఉందని లండన్ అధ్యయనం. అమ్మ దగ్గర పాలు పడనప్పుడు దాతల పాలు దొరకాలి. హైదరాబాద్ నిలోఫర్ ఆసుపత్రిలో ధాత్రి తల్లిపాల బ్యాంకు 2017లో మొదలైంది అందుకే.

ఎవరూ అడగని ప్రశ్న

1963 ఆగస్టులో అమెరికా అధ్యక్షుడు కెనెడీకి కొడుకు పుట్టాడు. ఐదున్నర వారాలు ముందుగా. బరువు రెండు కిలోల పైనే. 39 గంటలు బతికాడు. ఊపిరితిత్తులు విచ్చుకోవడానికి కావాల్సిన సర్ఫాక్టెంట్ అప్పటికి మందుగా లేదు. జపాన్‌లో ఫుజివారా దాన్ని పిల్లలకు విజయవంతంగా ఇచ్చింది 1980లో. ఈరోజు అలాంటి బిడ్డను కాపాడటం జిల్లా ఆసుపత్రిలోనూ మామూలు పని.

అంటే 26, 27 వారాల్లో పుట్టి పెద్ద సంఖ్యలో బతికిన మొదటి తరానికి ఇప్పుడు నలభై, నలభై అయిదేళ్లు. వయసుతో పాటు అందరికీ హిప్పోకాంపస్ కొంత కుంచించుకుపోతుంది. చిన్న మూలధనంతో మొదలైన వీళ్లకు అరవై, డెబ్బై ఏళ్లకు ఏమవుతుందో చెప్పడానికి ప్రపంచంలో ఎక్కడా ఇంకా అంత వయసొచ్చిన గుంపు లేదు. పెద్దల డాక్టరు దగ్గరకు వెళ్తే బీపీ, షుగర్, ఇంట్లో ఎవరికైనా గుండెజబ్బు ఉందా అని వరసపెట్టి అడుగుతారు. ఎన్ని వారాలకు పుట్టారన్నది అడగరు. స్వీడన్ జనాభా రికార్డుల మీద ఏళ్లుగా పనిచేసిన అమెరికన్ వైద్యుడు కేసీ క్రంప్ ఆ ప్రశ్నను కేస్ షీట్‌లో చేర్చాలని రాస్తూ వస్తున్నాడు. మన దగ్గర చాలామందికి దానికి జవాబు అమ్మ నోటిలెక్కలోనే ఉంది, అదీ వారాల్లో కాదు, "ఏడు నిండి ఎనిమిదిలో పడ్డాక, మాఘమాసంలో" అని.